టామీ ఫ్లవర్స్: టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి కొలొసస్ దాకా

మీ ప్రశ్న చూశాను. కాలేజీ సెమినార్‌లో మీరు ‘మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్’ అన్నారు. లెక్చరర్ గారొకరు ‘కాదు, అంతకు ముందే ట్యూరింగ్ కొలొసస్ చేశాడు’ అన్నారు. మీరు వెతికితే టామీ ఫ్లవర్స్ అనే పేరు, ఆయన పోస్టాఫీసు ఉద్యోగి అనే సమాచారం దొరికాయి. పోస్టాఫీసు మనిషికి కంప్యూటర్‌తో ఏం పని, ఇందులో ఏది నిజం అని అడిగారు. (ఎనియాక్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో కట్టిన యంత్రం. కొలొసస్ అదే కాలంలో బ్రిటన్‌లో జర్మన్ సంకేత సందేశాలు విప్పడానికి కట్టింది. ట్యూరింగ్ బ్రిటిష్ గణితజ్ఞుడు.)

ముందు పోస్టాఫీసు సంగతి. ఆ రోజుల్లో బ్రిటన్‌లో టెలిఫోన్లు జనరల్ పోస్టాఫీసు కింద ఉండేవి. మన దేశంలో కూడా 1985 దాకా తపాలా, టెలిఫోన్లు కలిసి పి అండ్ టి డిపార్ట్‌మెంటుగానే నడిచాయి. ఫ్లవర్స్ టెలిఫోన్ ఇంజినీరు. నేను కూడా టెలిఫోన్స్‌లోనే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. మొదటి పదేళ్లు స్ట్రోజర్ అనే పాతకాలపు ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిలోనే గడిచాయి. కంప్యూటర్ చరిత్రను చాలామంది గణితం వైపు నుంచి చెబుతారు. ఫ్లవర్స్ చేసిన పని అర్థం కావాలంటే ఎక్స్ఛేంజి లోపలి నుంచి చూడాలి. అందుకే కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపికగా చదవండి.

‘మొదటిది ఏది’ అనే వాదన త్వరగా తేల్చేద్దాం. జర్మనీలో కొన్రాడ్ జూసే 1941లో జెడ్3 నడిపించాడు. ప్రోగ్రామ్‌తో నడిచేదే కానీ రిలేలతో (కరెంటు వస్తే అయస్కాంతం లాగి కలిపే స్విచ్‌లతో) చేసింది, ఎలక్ట్రానిక్ కాదు. అమెరికాలో అటానసాఫ్, బెర్రీ కలిసి సుమారు 300 వాల్వులతో (కదిలే భాగాలు లేకుండా కరెంటును ఆపి వదిలే గాజు గొట్టాలతో) ఒక యంత్రం కట్టారు. అది సమీకరణాలు సాధించడానికి మాత్రమే. కొలొసస్ 1944 ఫిబ్రవరి నుంచి పనిలో ఉంది. అది ఎలక్ట్రానిక్ యంత్రం. స్విచ్‌లు, ప్లగ్‌లు మార్చి దానితో వేర్వేరు లెక్కలు చేయించవచ్చు. కానీ సంకేత సందేశాలు విప్పడం దాటి వేరే పనికి పెద్దగా పనికిరాదు, ప్రోగ్రామ్‌ను మెమరీలో దాచుకోదు. ఎనియాక్ 1945 చివరికి సిద్ధమై 1946 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. దానితో రకరకాల లెక్కలు చేయవచ్చు. కాబట్టి ‘ప్రోగ్రామ్ చేయదగిన మొదటి పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటర్ కొలొసస్, అన్ని రకాల లెక్కలకూ పనికొచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్’ అని రాసుకోండి. ఇక కొలొసస్‌ను డిజైన్ చేసింది ట్యూరింగ్ కాదు. ఆ విషయంలో మీ లెక్చరర్ గారు పొరపడ్డారు. చాలామంది పొరపడేది కూడా ఇక్కడే.

ఫ్లవర్స్ 1905 డిసెంబర్ 22న లండన్ తూర్పు ప్రాంతంలోని పాప్లర్‌లో పుట్టారు. తండ్రి తాపీమేస్త్రీ. ఊలిచ్‌లోని ఆయుధ కర్మాగారంలో మెకానికల్ అప్రెంటిస్‌గా పగలంతా పనిచేసి, సాయంత్రం క్లాసులకు వెళ్లి లండన్ యూనివర్సిటీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకున్నారు. 1926లో పోస్టాఫీసు టెలిఫోన్ విభాగంలో చేరారు. 1930 నుంచి ఉత్తర లండన్‌లోని డాలిస్ హిల్ పరిశోధన కేంద్రంలో ఉన్నారు.

స్ట్రోజర్ ఎక్స్ఛేంజి చూసినవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు కాబట్టి అదెలా ఉండేదో చెప్పాలి. మీరు ఫోన్ డయల్ తిప్పి వదిలితే అంకెను బట్టి కరెంటు అన్నిసార్లు తెగి కలుస్తుంది. ఒక్కో పల్స్‌కు ఎక్స్ఛేంజిలో సెలెక్టర్ చేయి ఒక్కో మెట్టు పైకెక్కుతుంది, తర్వాత పక్కకు తిరిగి ఖాళీ లైను వెతుకుతుంది. హాల్లో అడుగుపెడితే వందల సెలెక్టర్లు టకటకమంటూ ఉంటాయి. దుమ్ము పడితే కాంటాక్టు పోతుంది, స్ప్రింగు వదులైతే రిలే సరిగా పట్టదు. మా ఉద్యోగంలో సగం శుభ్రం చేయడం, సరిచేయడమే. ఫ్లవర్స్ తరం వాళ్లు కూడా ఇదే చేశారు. అంకె అందుకుని, లెక్కపెట్టి, గుర్తుంచుకుని, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో ఎంచుకోవడం ఎక్స్ఛేంజి పని. కంప్యూటర్ చేసేది కూడా అదే కదా. తేడా వేగంలో ఉంది. రిలే పట్టి వదలడానికి సెకనులో వెయ్యో వంతుల లెక్క. వాల్వుకైతే పది లక్షో వంతుల లెక్క.

మరి అందరూ వాల్వులెందుకు వాడలేదు? వాల్వు నమ్మకం లేనిదని పేరుపడింది. పాత వాల్వు రేడియో ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు, ఏడాదికో రెండేళ్లకో ఏదో ఒక వాల్వు పోయేది. ఒక రేడియోలో ఐదారు వాల్వులుంటేనే ఆ పరిస్థితి. వెయ్యి వాల్వులున్న యంత్రమైతే ఎప్పుడూ ఏదో ఒకటి పోతూనే ఉంటుంది, నిలకడగా నడవదు అని ఇంజినీర్లు కూడా లెక్కగట్టేవారు.

ఫ్లవర్స్‌కు ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసు. దూర ప్రాంతాల ఎక్స్ఛేంజీల మధ్య కాల్స్‌ను టోన్ సిగ్నల్స్‌తో నడిపించడానికి ఆయన వాల్వులనే స్విచ్‌లుగా పెట్టిన పరికరాలు తయారుచేశారు. ఒక్కో లైనుకు చివర మూడు నాలుగు వాల్వులు. మొత్తం 3,000 నుంచి 4,000 వాల్వులు పనిలో ఉండేవి. ఆ అనుభవంలో ఆయన గమనించింది ఇదీ: వాల్వు వేడెక్కడం, చల్లారడం వల్ల పోతుంది. ఇంట్లో బల్బు సంగతి ఆలోచించండి, ఎక్కువసార్లు స్విచ్ వేసిన క్షణంలోనే పోతుంది. రేడియోను రోజుకు నాలుగుసార్లు వేసి ఆపుతాం, ఎక్స్ఛేంజిని ఎప్పుడూ ఆపం. వాల్వును ఒకసారి వెలిగించి అలాగే ఉంచి, దాని లోపలి హీటర్‌కు కరెంటు నెమ్మదిగా పెంచి, దాని శక్తికి తక్కువలో పనిచేయిస్తే ఏళ్లతరబడి నిలుస్తుంది. ఏ పుస్తకం చదివినా దొరకని విషయం ఇది, ఎక్స్ఛేంజిలో పరికరాల రాక్‌ల మధ్య తిరిగినవాడికే తెలుస్తుంది. నా ఉద్దేశంలో కొలొసస్ కథలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. గణితజ్ఞులు ఏం లెక్కించాలో కనిపెట్టగలిగారు. వెయ్యిన్నర వాల్వులు కలిసి రాత్రింబవళ్లు నడుస్తాయని ధైర్యంగా చెప్పగలిగింది ఆయనొక్కరే.

ఇక ఆ యంత్రం అవసరం ఎందుకు వచ్చిందో చూద్దాం. ఎనిగ్మా అనే జర్మన్ సంకేత యంత్రం గురించి మీరు వినే ఉంటారు. దాన్ని విప్పడంలో ట్యూరింగ్ పాత్ర చాలా పెద్దది. అందుకు వాడిన బాంబ్ అనే యంత్రాలు ఎలక్ట్రోమెకానికల్‌వి, తిరిగే డ్రమ్ములతో నడిచేవి. కొలొసస్ విప్పిన సంకేతం వేరు. అది లోరెంజ్ అనే ఇంకో జర్మన్ సంకేత యంత్రంది. హిట్లర్‌కూ ఆయన సేనాధిపతులకూ మధ్య నడిచే పెద్ద సందేశాలు అందులో వెళ్లేవి. ఎనిగ్మా సందేశం మోర్స్ కోడ్‌లో పోతే, లోరెంజ్ నేరుగా టెలిప్రింటర్ మీద పనిచేసేది.

టెలిప్రింటర్ టేపు మన టెలిగ్రాఫ్ ఆఫీసుల్లోనూ ఉండేది. ఒక్కో అక్షరానికి ఐదు స్థానాలు, ప్రతి స్థానంలో రంధ్రం ఉంటుంది లేదా ఉండదు. లోరెంజ్ యంత్రం ప్రతి అక్షరానికి ఒక రహస్య అక్షరం కలిపేది. కలిపే పద్ధతి మేడమెట్ల లైటు లాంటిది. కిందొక స్విచ్, పైనొక స్విచ్ ఉంటాయి కదా. రెండూ ఒకే వైపు ఉంటే లైటు ఆరుతుంది, వేర్వేరు వైపులుంటే వెలుగుతుంది. ఇక్కడ కూడా రెండు అక్షరాల్లో ఆ స్థానం ఒకేలా ఉంటే ఖాళీ, వేరుగా ఉంటే రంధ్రం. ఇందులో గొప్ప సౌకర్యం ఏమిటంటే, అదే రహస్య అక్షరాన్ని ఇంకోసారి కలిపితే అసలు అక్షరం తిరిగొస్తుంది. మీరు కంప్యూటర్ సైన్స్‌లో ఎక్స్‌ఓఆర్ అని చదివేది ఇదే.

ఆ రహస్య అక్షరాలను 12 చక్రాలు పుట్టించేవి. ఐదు చక్రాలకు 41, 31, 29, 26, 23 పళ్లు. ఇవి ప్రతి అక్షరానికీ ఒక మెట్టు తిరుగుతాయి. ఇంకో ఐదింటికి 43, 47, 51, 53, 59. ఇవి ఒక్కోసారి తిరుగుతాయి, ఒక్కోసారి నిలిచిపోతాయి. అవి తిరగాలా వద్దా అన్నది 61, 37 పళ్లున్న మిగతా రెండు చక్రాలు తేలుస్తాయి. మొత్తం 501 పళ్లు, ప్రతిదీ పైకో కిందికో పెట్టుకోవచ్చు.

ఈ వివరాలు బ్రిటిష్ వాళ్లకు యంత్రాన్ని చూసి తెలియలేదు. 1941 ఆగస్టు 30న ఒక జర్మన్ ఆపరేటర్ సుమారు 4,000 అక్షరాల సందేశం పంపాడు. అవతలివాడు సరిగా అందలేదన్నాడు. ఇతను చక్రాలను మళ్లీ మొదటి చోటికే తిప్పి రెండోసారి పంపాడు. అలా చేయకూడదని నియమం. పైగా విసుగొచ్చి కొన్ని మాటలు కుదించి కొట్టాడు. రెండు సందేశాలకూ రహస్య అక్షరాలు ఒకటే కాబట్టి రెంటినీ కలిపితే ఆ రహస్యం రద్దయిపోతుంది. శత్రువుల సంకేతాలు విప్పే బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో జాన్ టిల్ట్‌మన్ ఆ రెంటినీ విడదీసి రహస్య అక్షరాల వరుసను బయటికి లాగారు. బిల్ టట్ అనే యువకుడు ఆ వరుస ముందు పెట్టుకుని కూర్చుని మొత్తం యంత్రం నిర్మాణాన్ని కాగితం మీద ఊహించారు. మొదట ఆయనకు పట్టుబడింది 41 అనే సంఖ్య. బ్లెచ్లీ పార్క్ వాళ్లు నిజమైన లోరెంజ్ యంత్రాన్ని చూసింది యుద్ధం ముగిసేటప్పుడే. టట్ చేసిన పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన మీద వేరే ప్రశ్న వేయండి, రాస్తాను.

నిర్మాణం తెలిస్తే సరిపోదు, ప్రతి సందేశానికీ చక్రాలు ఎక్కడి నుంచి మొదలయ్యాయో తెలియాలి. దానికి కూడా టట్ దారి చూపించారు. మొదటి రెండు చక్రాలే తీసుకుంటే 41ని 31తో గుణిస్తే 1,271 మొదలు స్థానాలు. ఒక్కో స్థానం ఊహించి, ఆ చక్రాల ప్రభావాన్ని సందేశం నుంచి తీసేసి, పక్కపక్క అక్షరాల తేడాలు లెక్కపెట్టాలి. రెండో గుంపు చక్రాలు అప్పుడప్పుడూ నిలిచిపోతాయి కాబట్టి, ఊహ సరైనదైతే జర్మన్ భాష పోకడ కొద్దిగా తొంగిచూస్తుంది. లెక్క సగం కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. తప్పు ఊహకు సుమారుగా సగమే వస్తుంది. వేల అక్షరాల సందేశాన్ని 1,271 సార్లు ఇలా చేతితో లెక్కపెట్టడం మనుషుల వల్ల కాదు.

గణితజ్ఞుడు మ్యాక్స్ న్యూమన్ దీనికి యంత్రం కావాలన్నారు. మొదట చేసిన దానికి హీత్ రాబిన్సన్ అని పేరు. అందులో రెండు కాగితం టేపులు. ఒకదాని మీద సందేశం, ఇంకోదాని మీద చక్రాల నమూనా. రెండూ సెకనుకు 2,000 అక్షరాల వేగంతో, ఒక్క అక్షరం కూడా తేడా రాకుండా కలిసి పరుగెత్తాలి. పళ్ల చక్రాలు రంధ్రాలను పట్టి లాగుతుంటే కాగితం సాగిపోయేది, చినిగేది. కాస్త సాగితే చాలు, లెక్క అంతా తప్పు.

ఇక్కడే ట్యూరింగ్ సంబంధం. 1941లో ఎనిగ్మా పనికి సంబంధించిన ఒక పరికరం కోసం ట్యూరింగ్ డాలిస్ హిల్ సాయం అడిగారు. ఆ పరికరం ముందుకు సాగలేదు కానీ ఫ్లవర్స్ పనితనం ఆయనకు నచ్చింది. ఆయనే ఫ్లవర్స్‌ను న్యూమన్‌కు పరిచయం చేశారు. కొలొసస్ విషయంలో ట్యూరింగ్ చేసిన ముఖ్యమైన సాయం ఆ పరిచయమే.

రాబిన్సన్‌ను బాగుచేయమని ఫ్లవర్స్‌ను పిలిచారు. ఆయన చూసి రెండో టేపు అవసరమే లేదన్నారు. చక్రాల నమూనాను యంత్రం లోపల వాల్వుల్లోనే పుట్టించవచ్చు. అప్పుడు సందేశం టేపు ఒక్కటే మిగులుతుంది. ఒకటే ఉన్నప్పుడు దేనితోనూ జత కుదరాల్సిన పని లేదు. ఆ టేపును పళ్లతో లాగకుండా నున్నటి కప్పీల మీద నడిపించారు. టేపు మధ్యలో, అక్షరాల రంధ్రాల నడుమ వరుసగా ఉండే చిన్న రంధ్రాలను ఫోటోసెల్‌తో (వెలుతురును పసిగట్టే పరికరంతో) చదివి, ఒక్కో రంధ్రం ఒక్కో పల్స్ ఇచ్చేలా చేశారు. మొత్తం యంత్రం ఆ పల్స్ మీదే అడుగేస్తుంది. టేపు నెమ్మదిస్తే యంత్రం కూడా నెమ్మదిస్తుంది, టేపు సాగితే ఆ మేరకు పల్స్ ఆలస్యంగా వస్తుంది. లెక్క మాత్రం తప్పదు. నేను మొదటిసారి ఈ సర్క్యూట్ వివరణ చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. కాగితం మీద రంధ్రమే గడియారం అయింది! ఇప్పటి ప్రాసెసర్‌లో క్లాక్ అనేదాని పని ఏమిటో పిల్లలకు చెప్పాలంటే దీనికంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1943 ఫిబ్రవరిలో ఆయన ఈ ప్రతిపాదన పెట్టారు. బ్లెచ్లీలో నమ్మకం కుదరలేదు. అన్ని వాల్వులు నిలవవన్నారు, రాబిన్సన్లే ఇంకా చేయమన్నారు. డాలిస్ హిల్ అధిపతి గోర్డన్ రాడ్లీ మాత్రం వెనక నిలబడ్డారు. సిడ్నీ బ్రాడ్‌హర్స్ట్, విలియం చాండ్లర్, అలెన్ కూంబ్స్ లాంటి టెలిఫోన్ ఇంజినీర్లతో ఫ్లవర్స్ పని మొదలుపెట్టారు. తన సొంత డబ్బు కూడా కొంత పెట్టారు. పది నెలల్లో యంత్రం సిద్ధం. 1943 డిసెంబర్‌లో డాలిస్ హిల్‌లో నడిపి చూపించారు, 1944 జనవరిలో విప్పి బ్లెచ్లీకి తరలించారు, ఫిబ్రవరి 5న అది మొదటి సందేశం మీద పని మొదలుపెట్టింది. సుమారు 1,600 వాల్వులు. సెకనుకు 5,000 అక్షరాలు. టేపును ఇంకా వేగంగా తిప్పి చూశారు, 9,700 దగ్గర తెగిపోయింది. వాల్వులు తట్టుకున్నాయి, కాగితమే తట్టుకోలేదు.

తర్వాత ఇంకొన్ని కావాలని, జూన్ 1కల్లా ఇవ్వాలని అడిగారు. రెండో నమూనాలో సుమారు 2,400 వాల్వులు. ఒకేసారి ఐదు ఊహలను పరీక్షిస్తుంది. లెక్క వేసి చూడండి: 5,000 అక్షరాల సందేశం ఒక చుట్టు తిరగడానికి సెకను పడుతుంది, 1,271 చుట్లకు 21 నిమిషాలు. ఐదేసి చొప్పున చేస్తే నాలుగు నిమిషాల చిల్లర. ఇప్పుడు ‘ప్యారలల్ ప్రాసెసింగ్’ అంటున్నామే, అదే ఇది. మే 31 రాత్రి కూడా యంత్రం మొరాయించింది. రాత్రంతా కూర్చుని లోపం పట్టుకున్నారు, జూన్ 1 ఉదయానికి నడిచింది. ఐదు రోజుల తర్వాత జూన్ 6న మిత్రసేనలు నార్మండీలో దిగాయి. యుద్ధం ముగిసేనాటికి పది కొలొసస్‌లు పనిలో ఉన్నాయి. వాటిని రాత్రింబవళ్లు షిఫ్టుల్లో నడిపింది రెన్స్ అని పిలిచే నౌకాదళ యువతులు. టేపులు అతికించడం, ఎక్కించడం, స్విచ్‌లు పెట్టడం, ఫలితాలు చూసుకోవడం అంతా వాళ్లే. వాళ్ల పేర్లు కూడా చరిత్రలో చాలాకాలం కనిపించలేదు.

యుద్ధం తర్వాత జరిగింది చదివితే ఇప్పటికీ నాకు మనసు కష్టపెడుతుంది. చాలా యంత్రాలను విప్పేశారు. రెండింటిని మాత్రం రహస్యంగా ఉంచుకున్నారు. కాగితాలన్నీ నాశనం చేయమని ఫ్లవర్స్‌కు ఆదేశం వచ్చింది. తాను గీసిన డ్రాయింగులన్నిటినీ ఆయనే తీసుకెళ్లి డాలిస్ హిల్‌లోని బాయిలర్ మంటలో వేశారు. ప్రభుత్వం 1,000 పౌండ్లు ఇచ్చింది. అది ఆయన పెట్టుకున్న ఖర్చుకే చాలలేదు, అయినా అందులో చాలా భాగం తనతో పనిచేసినవాళ్లకు పంచేశారు.

డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలను పూర్తిగా ఎలక్ట్రానిక్ చేయవచ్చని ఆయన యుద్ధానికి ముందు నుంచీ నమ్మారు. తిరిగొచ్చి ఆ మాట చెబితే సహోద్యోగులు రుజువేదని అడగడం సహజం. రుజువు ఆయన చేతుల మీదుగా పదిసార్లు నడిచింది, కానీ నోరు తెరవడానికి వీల్లేదు. ఎనియాక్ పత్రికలకెక్కి పేరు తెచ్చుకుంటుంటే ఆయన చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. ఇంట్లోవాళ్లకు కూడా ఏదో రహస్యమైన ముఖ్యమైన పని అని మాత్రమే తెలుసు. లండన్‌లోని హైగేట్ వుడ్‌లో 1962లో పెట్టిన ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి సరిగా నడవలేదు. 1964లో ఆయన పోస్టాఫీసు వదిలి ప్రైవేటు కంపెనీకి వెళ్లారు, 1969లో రిటైరయ్యారు. మేము ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలకు మారేనాటికి, ఆ దారి ముందే చూసిన ఇలాంటి మనిషి ఒకరున్నారని మాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్లకూ తెలిసి ఉండదు.

1970లలో రహస్యం మెల్లగా వీడింది. బ్రయాన్ రాండెల్ అనే ప్రొఫెసర్ పట్టుబట్టి అడగడంతో 1975లో ప్రభుత్వం కొలొసస్ ఫోటోలు విడుదల చేసింది. 1977లో న్యూకాసిల్ యూనివర్సిటీ ఫ్లవర్స్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. 1993లో, 87 ఏళ్ల వయసులో, హెండన్ కాలేజీలో పర్సనల్ కంప్యూటర్ మీద ప్రాథమిక కోర్సు చేసి సర్టిఫికెట్ తీసుకున్నారు.

అదే ఏడాది టోనీ సేల్ అనే ఇంజినీరు కొలొసస్‌ను తిరిగి కట్టడం మొదలుపెట్టారు. చేతిలో ఉన్నవి 1945 నాటి ఎనిమిది ఫోటోలు, కొందరు ఇంజినీర్లు దాచుకున్న సర్క్యూట్ ముక్కలు. విడిభాగాలు ఎక్కడివనుకున్నారు? ఆ సమయంలో బ్రిటన్‌లో పాత స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలను తీసేస్తున్నారు. అక్కడి రిలేలు, యూనిసెలెక్టర్లు (ఒకే దిశలో తిరిగే సెలెక్టర్లు) తెచ్చి వాడారు. కొలొసస్ మొదట తయారైంది కూడా అలాంటి టెలిఫోన్ సామానుతోనే కాబట్టి సరిగ్గా అమిరాయి. 1996 జూన్ 6న దాన్ని నడిపించినప్పుడు ఫ్లవర్స్ అక్కడే ఉన్నారు. 1998 అక్టోబర్ 28న మిల్ హిల్‌లో కన్నుమూశారు. ఆ యంత్రం ఇప్పటికీ బ్లెచ్లీలోని కంప్యూటింగ్ మ్యూజియంలో నడుస్తోంది. మీవాళ్లెవరైనా లండన్ వైపు ఉంటే తప్పక చూడమనండి, రైల్లో గంటలోపు ప్రయాణం.

మీ తర్వాతి సెమినార్‌లో పది నిమిషాలే ఇస్తే ఎనియాక్ ముందా, కొలొసస్ ముందా అనే వాదనకు ఒక్క నిమిషం చాలు. రెండు కాగితం పట్టీలు తీసుకుని రంధ్రాలు చేసి, ఇద్దరు విద్యార్థుల చేత రెండింటినీ ఒకే వేగంతో లాగించండి. ఎక్కడో ఒకచోట జత తప్పుతుంది. అప్పుడు ఒక పట్టీ పక్కన పెట్టేసి, రెండో పట్టీ మధ్యలో వరుసగా ఉన్న చిన్న రంధ్రాలు చూపించి, ఫ్లవర్స్ ఏం చేశారో చెప్పండి. ఎక్స్‌ఓఆర్ చూపించాలంటే మీ కాలేజీ మెట్ల దగ్గర లైటు ఎలాగూ ఉంటుంది. సర్క్యూట్ వివరాలు ఇంకా కావాలంటే అడగండి, థైరట్రాన్ అనే, వాయువు నింపిన వాల్వులతో చక్రాలను ఎలా పుట్టించారో బొమ్మ గీసి పెడతాను.